చించినాడ వంతెన మీద పట్టేసిన బోరు

బండి నీళ్లలో నాలుగు రోజులుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గోదావరి మా ఇంటి వసారా దాకా వచ్చేసింది. మాది రాజోలు దీవిలో ఏటిగట్టుకి అవతల ఉన్న లంక ఊరు. అమ్మానాన్నల్ని పడవలో గట్టు దాటించాం, ఆవుల్ని గట్టు మీద కట్టాం, బియ్యం బస్తాలు అటకెక్కించాం. బండిని వసారాలో పెద్ద స్టాండు వేసి వదిలేశాం. నీరు తీశాక వచ్చి చూస్తే సీటు దాకా ఒండ్రు మరక ఉంది. ట్యాంకు మీద రెండు వేళ్ల మందాన బురద ఎండి బీటలు వారింది.

అది నాన్న 1992లో కొబ్బరికాయల డబ్బుతో కొన్న ఆర్‌ఎక్స్ 100. ఏపీ 5 నంబరు. యమహా ఈ మోడల్‌ని మన దేశంలో 1985లో మొదలుపెట్టి 1996లో ఆపేసింది. 98 సీసీ రెండు స్ట్రోకుల ఇంజను, 11 హార్స్‌పవర్, బరువు చూస్తే వంద కిలోల పైచిలుకు. కాగితం మీద చిన్న లెక్కలే. కానీ అంత తేలికైన బండికి ఆ పవర్ తోడైతే ఎలా లేస్తుందో నడిపినవాళ్లకి తెలుసు. స్పోర్ట్స్ కార్లు మా వైపు ఎవరి దగ్గరా లేవు. మాకు స్పోర్ట్స్ బండి అంటే ఇదే. నాన్న అంబాజీపేట మార్కెట్ నుంచి వస్తుంటే గట్టు మలుపులో ఉండగానే ఆ శబ్దం విని అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది.

వరద తర్వాత దగ్గర్లో ఒక మెకానిక్‌కి ఇచ్చాం. ఆయన కార్బొరేటర్ కడిగి, గేరు ఆయిల్ మార్చి, ప్లగ్గు వేసి స్టార్ట్ చేసి ఇచ్చారు. నెల రోజులు తిరిగింది. తర్వాత కిక్ వదులైపోయింది, కొడితే కాలికి బరువే తగలదు. ఇంజనులో టకటక మొదలైంది. నాన్నకి అప్పటికే మోకాళ్ల నొప్పులు. బండి మీద టార్పాలిన్ కప్పేశాం. రెండున్నరేళ్లు అలాగే ఉంది.

2025 వేసవి సెలవుల్లో నేనే విప్పుదామని నిర్ణయించుకున్నాను. నేను స్కూలు టీచర్ని, మెకానిక్‌ని కాదు. కానీ చిన్నప్పుడు సెలవులన్నీ మెకానిక్ షెడ్డులో స్పానర్లు అందిస్తూ గడిపినవాణ్ణి. పైగా రెండు స్ట్రోకుల ఇంజనులో వాల్వులూ, క్యామ్‌లూ, టైమింగ్ చైనూ ఉండవు. పై భాగంలో కదిలేవి పిస్టన్, రింగులు, పిన్ను, దాని బేరింగు, అంతే. సొంతంగా నేర్చుకోవాలనుకునేవాడికి ఇంతకంటే మంచి ఇంజను లేదని ఇప్పటికీ అంటాను.

కాలువలు కట్టేసిన రోజులు. వసారాలో గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాను. ట్యాంకు, సైలెన్సర్, కార్బొరేటర్ తీశాక ఇంజను పై మూత, అంటే హెడ్డు, నాలుగు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేశాను. ఒకేదాన్ని పూర్తిగా విప్పేస్తే హెడ్డు వంగుతుంది. పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టమే బోరు. దాన్ని పైకి లాగేముందు చేయాల్సిన పని ఒకటుంది. కాస్త ఎత్తగానే పిస్టన్ కింద నుంచి శుభ్రమైన గుడ్డ కుక్కి క్రాంక్ గది నోరు మూసేయాలి. పిన్నుకి అటూ ఇటూ ఉండే సర్‌క్లిప్పులు తీసేటప్పుడు స్ప్రింగులా ఎగురుతాయి. ఒకటి లోపల పడిందంటే ఇంజను మొత్తం దింపాల్సిందే. పాత క్లిప్పులు మళ్లీ వాడకూడదు. కొత్తవి పదీ ఇరవై రూపాయలే.

పిస్టన్ చేతిలోకి వచ్చాక పాడైన సంగతి కళ్లకే తెలిసింది. అంచున రింగు గాడిలో ఒండ్రు రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. బోరు లోపల నిలువునా గీతలు. వరద నీళ్లు లోపలికి పోయిన బండిని బోరు దింపకుండా స్టార్ట్ చేయడం తప్పని అప్పుడు అర్థమైంది. ఆ ఇసుకే గీకేసింది.

ఎడమవైపు మూత తీసి, స్పార్క్‌కి కరెంటు ఇచ్చే మ్యాగ్నెట్ కూడా చూశాను. అంతా తుప్పు. వైరు బ్రష్షుతో రుద్ది, పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి మూసేశాను. మ్యాగ్నెట్ లాగడానికి పుల్లర్ కావాలి, అది నా దగ్గర లేదు. స్పార్క్ వస్తోంది కదా, దాని వెనక ఏముందో తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఈ ఒక్క నిర్ణయం తర్వాత నాకు ఒక పిస్టన్, ఒక బోరింగు (గీతలు పోయేలా బోరుని లేత్ మీద కాస్త పెద్దది చేయడం) ఖర్చయ్యేలా చేసింది.

బోరు పట్టుకుని పాలకొల్లు వెళ్లాను. అక్కడ లేత్ మేస్త్రి పడవ ఇంజన్లు, రొయ్యల చెరువుల ఏరేటర్ల గేరుబాక్సులు, రైస్ మిల్లు షాఫ్టులు అన్నీ చేస్తారు. బోరు లోపల వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, కొలవకముందే "ఇది ఇంకా కంపెనీ సైజులోనే ఉందండి, మొదటిసారి తెరిచారు" అన్నారు. తర్వాత కొలిస్తే అదే నిజం. ఈ ఇంజను బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 50. పావు మిల్లీమీటరు పెంచుతూ పెద్ద పిస్టన్లు దొరుకుతాయి. అంటే ఒక బోరుకి కొన్ని ప్రాణాలే ఉంటాయి, ప్రతి బోరింగుకీ ఒకటి ఖర్చవుతుంది. ముప్పై మూడేళ్లు నాన్న చేతిలో కంపెనీ సైజులోనే ఉన్న బోరుని లేత్ మీద పెడుతుంటే నాకు మనసు మనసులో లేదు.

"పోర్టుల అంచులు గీసి ఇస్తారా?" అని అడిగాను.

"ఆయ్, గీయకుండా ఎలా ఇస్తామండి. అది గీయకపోతే రింగు తగిలి విరుగుద్దండి. పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఐదు పాయింట్లు వదులుతున్నాను."

పాయింటంటే మిల్లీమీటరులో వందో వంతు. పోర్టుల సంగతి ఎవరైనా బోరింగు చేయించేవాళ్లు తప్పకుండా అడగాలి. రెండు స్ట్రోకుల బోరు గోడలో కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి. బోరింగు అయ్యాక వాటి అంచులు కత్తుల్లా తేలతాయి. రింగు రోజూ లక్షల సార్లు వాటి మీదుగా పోవాలి.

బిగింపు ఒక రోజు పని. పిస్టన్ తల మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగుల నోళ్లు గాడిలో ఉండే చిన్న పిన్నుల దగ్గరే కూర్చోవాలి, కూర్చున్నాయో లేదో గోటితో తడిమి చూసుకోవాలి. బేస్ గ్యాస్కెట్ కొత్తది. పెట్రోలుతో కలిసి ఇంజను లోపల జిడ్డు పట్టించే 2టీ ఆయిల్‌ని అందించే పంపు మీద ఇంకా నమ్మకం కుదరక, ట్యాంకులో కూడా లీటరుకు 40 మిల్లీలీటర్లు కలిపాను. నాలుగో కిక్‌కి అందుకుంది. ఆ శబ్దానికి లోపల మంచం మీద ఉన్న నాన్న చేతికర్ర పట్టుకుని వసారాలోకి వచ్చేశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్ అబ్బాయ్, హ్యాండిల్ వదిలేశాక కూడా శబ్దం దిగట్లేదేంటి?" అన్నారు.

నిజమే. రేజ్ చేసి వదిలేస్తే శబ్దం వెంటనే పడిపోకుండా రెండు మూడు సెకన్లు పైనే వేలాడి, అప్పుడు నెమ్మదిగా దిగుతోంది. "కొత్త బోరు కదా నాన్నా, సర్దుకుంటుంది" అన్నాను. ఐడిల్ స్క్రూ కాస్త తగ్గించాను. అది జబ్బు వదిలేసి జ్వరానికి మందేసినట్టు.

కొత్త బోరుని 500 కిలోమీటర్లు మెల్లగా నడపాలి. ఒకే వేగంలో పోనివ్వకూడదు, పై గేరులో ఈడ్చకూడదు. రోజూ ఉదయం మామిడికుదురు దాకా, సాయంత్రం రాజోలు దాకా తిప్పాను. 180 కిలోమీటర్లు అయ్యాయి. ఆ రోజు పాలకొల్లులో పనుండి దిండి మీదుగా బయల్దేరాను. చించినాడ వంతెన ఎక్కాక ఎదురుగాలి. గోదావరి పాయ వశిష్ఠ అక్కడ సముద్రానికి దగ్గర, గాలి బలంగా కొడుతుంది. కాస్త రేజ్ ఎక్కువిచ్చాను. వంతెన మధ్యలో ఇంజను శబ్దం ఒక్కసారిగా సన్నబడి, పిసికేసినట్టు అయింది. వెనక చక్రం కర్రుమని జారింది. క్లచ్ నొక్కేశాను కాబట్టి పడలేదు. రెండు స్ట్రోకుల బండి రన్నింగ్‌లో పెట్టినన్నాళ్లూ ఎడమచేతి వేళ్లు క్లచ్ మీదే ఉంచమని షెడ్డులో నేర్పింది ఆ రోజు నన్ను కాపాడింది. వెనకాల కొబ్బరి బొండాల లోడు లారీ ఉంది.

పిట్టగోడకి ఆనించి పదిహేను నిమిషాలు ఆగాను. చల్లారాక కిక్ కదిలింది కానీ లోపల గరగరమంది. ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాను. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక కారణం చెప్పారు. బోరు టైటుగా కొట్టారని బావ, 2టీ తక్కువైందని పక్కింటాయన, పిస్టన్ డూప్లికేటని ఇంకొకరు. నాకు మాత్రం ప్లగ్గు తీసి చూశాక నిద్ర పట్టలేదు. అది సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు, గాలి సరైన పాళ్లలో కాలితే ప్లగ్గు ముక్కు కాఫీ పొడి రంగులో ఉండాలి. తెల్లగా ఉందంటే గాలి ఎక్కువైంది, వేడి మితిమీరింది అని. అప్పుడు నాన్న అన్న మాట గుర్తొచ్చింది. హ్యాండిల్ వదిలినా శబ్దం దిగట్లేదంటే కార్బొరేటర్ మూసుకున్నాక కూడా ఇంకెక్కడి నుంచో గాలి పోతోందన్నమాట.

ఈ ఇంజనులో పిస్టన్ పైకి లేచినప్పుడు కింద క్రాంక్ గది కార్బొరేటర్ నుంచి మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. కిందికి దిగినప్పుడు దాన్నే నొక్కి పోర్టుల గుండా పైకి తోస్తుంది. అంటే క్రాంక్ గది కూడా ఊపిరితిత్తి లాంటిదే, దానికి ఎక్కడా చిల్లు ఉండకూడదు. క్రాంక్ రెండు కొసలూ గదిలోంచి బయటికి వచ్చే చోట ఒక్కో రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్‌ని పీల్చుకుని పొగ ఆగకుండా కొడుతుంది. అది అందరికీ కనిపిస్తుంది. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలిని పీల్చుకుంటుంది. పొగ రాదు, ఆయిల్ కారదు, పైగా బండి మామూలుకంటే చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. వేడికి పిస్టన్ ఉబ్బి బోరుకి పట్టేసేదాకా ఏ సంగతీ తెలియదు.

ఈసారి విప్పే ముందే లీకు ఎక్కడో పట్టుకోవాలనుకున్నాను. విప్పేస్తే సాక్ష్యం పోతుంది. సైలెన్సర్ నోటికి సైకిల్ ట్యూబు ముక్క పెట్టి రేకు బిగించాను. కార్బొరేటర్ వైపు రబ్బరు బిరడా. పాత ప్లగ్గులో పింగాణీ పగలగొట్టి తీసేసి, సన్నటి ట్యూబు దూర్చి చుట్టూ ఎం-సీల్ పెట్టాను. పిస్టన్‌ని పూర్తిగా కిందికి దింపాను. అప్పుడు పోర్టులు తెరుచుకుని పై గదీ, కింది గదీ ఒకటవుతాయి. ఇక గాలి కొట్టాలి. సైకిల్ పంపుతో కొడితే ప్రెషర్ ఎక్కువై మంచి సీళ్లు కూడా ఊడొస్తాయి. ఇంట్లో అమ్మకి బీపీ చూసే మిషన్ ఉంది, రబ్బరు బుడ్డికే డయలు అతికి ఉండే రకం. దాని పట్టీ తీసేసి ట్యూబు ప్లగ్గుకి తగిలించాను. ఆ డయలు 300 దాకా ఉంటుంది. టైరు గాలి లెక్కలో అది 6 పీఎస్ఐకి కాస్త తక్కువ. ఈ పరీక్షకి సరిగ్గా అంతే కావాలి.

బుడ్డి నొక్కాను. ముల్లు 280కి లేచింది. నొక్కడం ఆపగానే నా కళ్ల ముందే జారిపోయింది. పది సెకన్లలో 100 కిందకి వచ్చేసింది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో ఆ ముల్లు నిమిషాల తరబడి నిలబడాలి.

గడ్డం గీసుకునే బ్రష్షుతో సబ్బు నురగ హెడ్డు చుట్టూ, బేస్ గ్యాస్కెట్ చుట్టూ, కార్బొరేటర్ రబ్బరు చుట్టూ రాశాను. ఎక్కడా బుడగ రాలేదు. కొత్తగా తెచ్చిన పుల్లర్‌తో మ్యాగ్నెట్ లాగాను. దాని వెనక ప్లేటు విప్పే ముందు, ప్లేటు మీదా కేసు మీదా కలిసేలా సూదిమొనతో గీత గీశాను. ఆ గీత లేకపోతే తర్వాత స్పార్క్ టైమింగ్ కోసం వెతుక్కోవాలి. ప్లేటు తీశాక సీలు కనిపించింది. చిన్నది, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. నురగ పెట్టి బుడ్డి నొక్కాను. సీలు కింది అంచులో ఒకే చోటి నుంచి ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచి, కలిసి, జారి కేసు మీద కారాయి. అమ్మని పిలిచి చూపించాను. నాన్న కుర్చీ దగ్గరికి జరిపించుకుని వంగి చూసి, "నాలుగు రోజులు నీళ్లలో ఉందిరా" అన్నారు.

సీలు పీకితే దాని పెదవి ఎండిన తాటాకులా బిగుసుకుపోయి ఉంది. వేలితో వంచితే పెళుక్కుమంది. కొత్తది వేసేస్తే అయిపోయేదే కానీ, టార్చి వేసి చూస్తే సీలు పెదవి ఆనే చోట క్రాంక్ చుట్టూ తుప్పు తిన్న గాడి, గోరు తగిలేంత. కొత్త సీలు దాని మీద కూర్చుంటే వారంలో అరిగిపోతుంది. వెయ్యి నంబరు వాటర్ పేపరుని సన్నటి పట్టీలా చీల్చి, ఆయిల్‌లో తడిపి, క్రాంక్ చుట్టూ వేసి కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగాను. గంటన్నర పట్టింది. పొడి లోపలికి పోకుండా బేరింగు ముందు గ్రీజు మెత్తి, తర్వాత శుభ్రంగా తుడిచేశాను. గాడి పూర్తిగా పోలేదు. అందుకని కొత్త సీలుని మరీ లోపలికి తోయకుండా పాత చోటుకంటే ఒక మిల్లీమీటరు బయటికి ఆపాను. ఇప్పుడు దాని పెదవి గాడి మీద కాకుండా నున్నటి చోట ఆనుతుంది. సీలు ఖరీదు వంద రూపాయల లోపే.

ఒకవైపు పోయిందంటే రెండోదానికీ అంతే వయసు. క్లచ్ విప్పి ఆ సీలు కూడా మార్చాను. బోరు మళ్లీ లేత్‌కి వెళ్లింది, 50.25 కాస్తా 50.50 అయింది. మేస్త్రి పిస్టన్ చూసి, సైలెన్సర్ వైపు నలిగిన చోట బొటనవేలితో రాసి, "గాలి పీల్చిందండి, నా బోరింగు కాదు" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఉన్నదున్నట్టు చెప్పారు. నాకు మాత్రం ఆయన ముందు తలెత్తడం కష్టమైంది. బావ ఆయన్నే తప్పుపడుతుంటే నేను అడ్డు చెప్పలేదు.

ఇంకొకటి కూడా సరిచేశాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, కార్బొరేటర్‌లో పెట్రోలు కొలత చూసే పాత జెట్టుతోనే నడిపితే మిశ్రమం మునుపటికంటే పలచగా కాలుతుంది. పాత రబ్బరు పైపుల్ని కూడా అది ఉబ్బిస్తుంది. అందుకే మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేసి, పెట్రోలు పైపూ, కార్బొరేటర్ వాషర్లూ కొత్తవి వేశాను. కొన్నాళ్లు బండి ఆపాల్సి వస్తే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఖాళీ చేసేస్తున్నాను. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, మా లంకలో తేమకి కొదవ లేదు.

బిగించాక మళ్లీ బీపీ మిషన్ తగిలించాను. ముల్లు 280. గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఆరు నిమిషాలకి 270 దగ్గరుంది. అప్పుడు గానీ పెట్రోలు పోయలేదు.

ఈసారి 500 కిలోమీటర్లూ పద్ధతిగా నడిపాను. స్కూళ్లు తెరిచేశారు, కాలువలకి నీళ్లొచ్చాయి, నారుమళ్లు పచ్చబడ్డాయి. ఒక ఆదివారం పొద్దున్నే దిండి మీదుగా మళ్లీ చించినాడ వంతెన ఎక్కాను. అదే ఎదురుగాలి. రెండు వేళ్లు క్లచ్ మీదే ఉన్నాయి. వంతెన మధ్య దాకా రేజ్ ఇచ్చి పోయాను, అవతలి ఒడ్డుకి చేరాక ఇంజను ఆపి ప్లగ్గు విప్పాను. రుమాలుతో పట్టుకున్నా వేళ్లు చురుక్కుమన్నాయి. ముక్కు కాఫీ పొడి రంగులో ఉంది. ఫొటో తీస్తుండగానే నాన్న ఫోన్ చేశారు.

"ఎక్కడున్నావురా?"

"చించినాడలో నాన్నా. వంతెన దాటేశాను."

"అది కాదు. హ్యాండిల్ వదిలితే దిగుతోందా?"

ప్లగ్గు బిగించి, ఒక కిక్ కొట్టి, ఫోన్ ఇంజను దగ్గర పెట్టి రేజ్ చేసి వదిలాను.

"ఆఁ, దిగింది" అన్నారు నాన్న.